గర్భసంచిలో గోడ ఉందన్నారు
(ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. పెళ్లయి నాలుగేళ్లయింది. రెండుసార్లు నెల తప్పాను. ఒకసారి ఎనిమిదో వారంలో, ఇంకోసారి పదో వారంలో పోయింది. ట్యూబ్ టెస్ట్ చేసి గర్భసంచి రెండుగా చీలి ఉందని, బైకార్నుయేట్ అని రాశారు. మా ఊరి డాక్టరుగారు వెంటనే ఆపరేషన్ చేసి గోడ తీసేయాలన్నారు. విజయవాడలో ఇంకో డాక్టరుగారు అది గోడ కాదు, గర్భసంచి ఆకారమే అంత, ఏమీ చేయక్కర్లేదన్నారు. పుట్టుకతో లోపం ఉన్న పిల్లని మాకు అంటగట్టారని మా అత్తగారు రోజూ అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: డాక్టర్లిద్దరిలో ఎవరి మాటా ఇప్పుడే నమ్మకండి. అత్తగారి మాట ఎప్పటికీ నమ్మకండి.

మీరు జత చేసిన రిపోర్టు చూశాను. ఒక ఎక్స్‌రే ఫిల్ము, దాని కింద ఒక జబ్బు పేరు. ఆ ఫిల్మును బట్టి ఆ పేరు పెట్టడం కుదరదు. ట్యూబ్ టెస్టులో ఎక్కించే మందు గర్భసంచి లోపలి ఖాళీని మాత్రమే చూపిస్తుంది. రెండు పాయలు కనిపించాయంటే, ఒకే గర్భసంచి మధ్యలో గోడ ఉండి ఉండొచ్చు, లేదా గర్భసంచి పైభాగమే రెండుగా విడిపోయి ఉండొచ్చు. లోపల నిలబడి చూసేవాడికి రెండు గదులే కనిపిస్తాయి. అది అడ్డుగోడ కట్టిన ఒకే ఇల్లా, పక్కపక్కన ఉన్న రెండిళ్లా అన్నది బయటికొచ్చి పైకప్పు చూస్తేనే తెలుస్తుంది. ఆ పైకప్పును చూపించేవి త్రీడీ అల్ట్రాసౌండ్, ఎంఆర్‌ఐ. పైభాగం సాఫీగా ఉండి లోపల గోడ ఉంటే అది సెప్టేట్. పైభాగం కూడా సెంటీమీటరుకు మించి లోపలికి కుంగితే అది బైకార్నుయేట్. మీకు ఈ రెండు పరీక్షల్లో ఒక్కటీ జరగలేదు. మీ డాక్టర్లిద్దరూ ఒకే ఫిల్ము చూసి చెరో తీర్పు చెప్పారు.

పేరేదైతేనేం అనుకోకండి. తల్లి కడుపులో ఆడపిండానికి రెండు నాళాలు ఏర్పడతాయి. వాటిని మ్యులేరియన్ నాళాలంటారు. అవి దగ్గరికి జరిగి, ఒకటిగా కలిసి, మధ్యలో మిగిలిన గోడ ఐదో నెలకల్లా కరిగిపోతే మామూలు గర్భసంచి తయారవుతుంది. కలవడంలో తేడా వస్తే ఒక రకం ఆకారం, కరగడంలో తేడా వస్తే ఇంకో రకం. సెప్టేట్ అయితే పొట్ట కోయకుండా, కింది నుంచి హిస్టిరోస్కోప్ అనే సన్నని కెమెరా గొట్టం పంపి గోడను కత్తిరించవచ్చు. బైకార్నుయేట్‌లో అదే పని చేశారంటే కత్తెర గర్భసంచి గోడ దాటి కడుపులోకి పోతుంది. బైకార్నుయేట్‌కు ఒకప్పుడు పొట్ట కోసి రెండు భాగాలనూ కలిపి కుట్టే స్ట్రాస్‌మన్ ఆపరేషన్ చేసేవారు. దానివల్ల ఒరిగేదేమిటన్నది తేలక ఇప్పుడు దాదాపుగా మానేశారు.

ఒకవేళ మీది సెప్టేట్ అని తేలిందనుకుందాం. అప్పుడైనా పరిగెత్తుకెళ్లి ఆపరేషన్ బల్ల ఎక్కాలా? ఇరవై ఏళ్ల కిందట అడిగితే మాలో చాలామంది అవుననేవాళ్లం. ఆ తర్వాత నెదర్లాండ్స్, బ్రిటన్, అమెరికా, ఇరాన్ ఆసుపత్రులు కలిసి సెప్టేట్ గర్భసంచి ఉన్న 80 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు గోడ తీసి, రెండో జట్టును అలాగే వదిలేసి చూశాయి. ఆ ఫలితాలు 2021లో వచ్చాయి. గోడ తీసినవాళ్లలో నూటికి 31 మందికి, తీయనివాళ్లలో 35 మందికి బిడ్డ పుట్టింది. ఆపరేషన్ చేయించుకున్నందువల్ల లాభం కనబడలేదు. అది చిన్న పరిశోధన, 80 మందితో అంతా తేలిపోదు అనే డాక్టర్లున్నారు, వాళ్ల మాటా కొట్టిపారేయలేం. పదేపదే గర్భం పోయిన మనిషికి గోడ తీసి చూద్దామనడం తప్పు కాదు. అయితే "తీయకపోతే బిడ్డ నిలవదు" అని మీతో అన్నారే, అది మాత్రం ఎవరూ అనగలిగిన మాట కాదు.

ఇంకో సంగతి. తొలి మూడు నెలల్లో పోయే కడుపుల్లో సగమో, అంతకన్నా ఎక్కువో పిండంలోని క్రోమోజోముల తేడా వల్ల పోతాయి. వాటికీ గర్భసంచి ఆకారానికీ సంబంధం లేదు. మీకు థైరాయిడ్ చూశారా? యాంటీ ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు చూశారా? భార్యాభర్తలిద్దరికీ క్రోమోజోముల పరీక్ష అవసరమా అన్న ఆలోచనైనా చేశారా? మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. అందులో మీ ఆయన ఊసు ఎక్కడా లేదు. ఈసారి డాక్టరు దగ్గరికి ఆయన్ని కూడా తీసుకెళ్లండి.

గర్భసంచి మీద కత్తి పెట్టడం మన దగ్గర మరీ తేలికైపోయింది. అందుకే ఇంత పట్టుగా చెబుతున్నాను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్లలోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. దేశంలోకెల్లా మనమే ముందున్నాం. నడుం నొప్పికీ తెల్లబట్టకీ కూడా తీయించేసుకున్నవాళ్లను నేనే చూశాను. పిల్లలు పుట్టేశాక ఇక అదెందుకన్న మాట ఇంట్లోంచీ వస్తుంది, ఆసుపత్రి నుంచీ వస్తుంది. ఆ అలవాటే ఇప్పుడు పిల్లలు కావాలనుకునే వాళ్ల గర్భసంచి దాకా వచ్చింది. త్రీడీ స్కానో ఎంఆర్‌ఐయో చేయించి, ఆకారం పేరు స్పష్టంగా రాయించుకుని, ఆ తర్వాత ఆపరేషన్ మాట మాట్లాడండి.

అత్తగారి సంగతికొస్తే, నూరుమంది ఆడవాళ్లను పరీక్షిస్తే అయిదారుగురి గర్భసంచి ఆకారంలో ఏదో ఒక తేడా ఉంటుంది. గర్భస్రావాలు జరిగినవాళ్లలో పదమూడు మంది దాకా ఉంటారు. చాలామందికి ఆ సంగతి తెలియకుండానే పిల్లలు పుట్టి, పెద్దవాళ్లైపోయారు. మీ అత్తగారి గర్భసంచిని ఎవరూ స్కాన్ చేయలేదు కాబట్టి ఆవిడా ఆ జాబితాలో లేరని నేను చెప్పలేను.

ప్రశ్న: నా గర్భసంచి వెనక్కి వాలి ఉందని స్కానింగులో రాశారు. అందుకే గర్భం రావడం లేదా?
- ఆర్., నిజామాబాద్

జవాబు: ప్రతి ఐదుగురిలో ఒకరికి అలాగే ఉంటుంది, అది జబ్బు కాదు, ఆ రిపోర్టు మడిచి పెట్టి మీ ఆయనకు వీర్యపరీక్ష చేయించండి.

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. ఇంకా పెద్దమనిషి కాలేదు. ఈడుకు తగ్గట్టే ఎదిగింది, చదువులో చురుకు. స్కానింగులో గర్భసంచి లేదన్నారు. హైదరాబాద్‌లో పెద్ద డాక్టరుగారు ఎంఆర్‌కెహెచ్ అని చెప్పారు. బంధువులు ఫంక్షన్ ఎప్పుడని అడుగుతున్నారు. ఉత్తుత్తిగా ఫంక్షన్ చేసేసి, తర్వాత పెళ్లి చేసేసి, పిల్లలు కాకపోతే అప్పుడు చూసుకుందామని మా అన్నయ్య అంటున్నాడు. అమ్మాయికి హార్మోన్ల లోపమని మాత్రం చెప్పాం.
- పేరు, ఊరు వద్దు

జవాబు: మీ ఉత్తరంలో అందరి మాటా ఉంది, అమ్మాయి మాట తప్ప. ముందు ఆ పిల్లకు నిజం చెప్పండి. పదిహేడేళ్ల పిల్ల చేతిలో ఫోనుంది, రిపోర్టు మీద ఆ నాలుగక్షరాలున్నాయి. మీరు చెప్పకముందే వెతికి చదువుకుని ఉంటుంది. చదివి, ఎవరితోనూ అనలేక లోలోపల కుమిలిపోతూ ఉంటుంది.

దాదాపు 4,500 నుంచి 5,000 మంది ఆడపిల్లల్లో ఒకరు ఇలా పుడతారు. ఇందాక చెప్పిన నాళాలు ఎదగకపోవడం వల్ల గర్భసంచి, యోని పైభాగం తయారుకావు. అండాశయాలు పుట్టేది వేరే కణజాలం నుంచి, అవి మామూలుగా పనిచేస్తాయి. అందుకే మీ అమ్మాయి ఈడుకు తగ్గట్టే ఎదిగింది. హార్మోన్ల లోపం ఏమీ లేదు. లేని లోపాన్ని ఉందని, ఉన్న సంగతిని లేదని చెప్పారు. క్రోమోజోముల పరీక్ష చేశారో లేదో కనుక్కోండి, ఎందుకంటే గర్భసంచి లేకుండా పుట్టే ఇంకో పరిస్థితి ఉంది, దాని వైద్యం వేరు. కిడ్నీలకు స్కాన్, వెన్నెముకకు ఎక్స్‌రే కూడా అవసరం. ఎంఆర్‌కెహెచ్ ఉన్న కొందరిలో అక్కడా తేడాలుంటాయి.

పెళ్లి తర్వాత కాపురం చేయగలదా అన్నది మీరు రాయలేకపోయిన ప్రశ్న. చేయగలదు. డైలేటర్లు అనే గొట్టాల్లాంటి సాధనాలతో, నేర్పేవాళ్ల పర్యవేక్షణలో, ఇంట్లోనే నెలల తరబడి సాధన చేస్తే యోని తగినంత లోతుగా తయారవుతుంది. ఓపిగ్గా చేసినవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా అది ఫలిస్తుంది. ఆపరేషన్ గురించి ఆలోచించాల్సింది అది కుదరకపోతేనే. దీనికి తొందరేమీ లేదు, ముహూర్తం పెట్టాల్సింది ఆ అమ్మాయే. తనకు కావాలనిపించినప్పుడు మొదలుపెట్టుకుంటుంది.

పిల్లల సంగతి. అండాలు తనవే కాబట్టి సరొగసీకి వీలుంది. 2021 చట్టం ప్రకారం డబ్బు తీసుకుని బిడ్డను మోయడం నేరం. బిడ్డ కావాలనుకునే దంపతుల్లో భార్యకు 23 నుంచి 50, భర్తకు 26 నుంచి 55 ఏళ్లుండాలి. మోసే స్త్రీకి 25 నుంచి 35 ఏళ్లుండి, సొంత బిడ్డ ఉండి ఉండాలి, జీవితంలో ఒక్కసారే మోయాలి. దత్తత ఎలాగూ ఉంది. గర్భసంచి మార్పిడి చేశాక తొలి బిడ్డ 2014లో స్వీడన్‌లో పుట్టింది, ఆ తల్లికీ మీ అమ్మాయిలాగే పుట్టుకతో గర్భసంచి లేదు. మన దేశంలో 2017లో పుణెలో మొదలుపెట్టారు. అది పెద్ద ఆపరేషన్, కొత్త అవయవాన్ని శరీరం తోసేయకుండా బలమైన మందులు వాడాలి. ఉందని తెలిస్తే చాలు, దాని మీద ఇప్పుడే ఆశలు పెట్టుకోవద్దు.

మీ అన్నయ్య సలహా మాత్రం ప్రమాదం. ముఖ్యమైన సంగతి దాచి చేసిన పెళ్లిని మోసం కింద రద్దు చేయమని కోర్టుకెళ్లే వీలు 1955 హిందూ వివాహ చట్టంలోనే ఉంది. చట్టం సంగతి అటుంచండి. అత్తింట్లో తొలి నెలలోనే ఆ పిల్ల ఒంటరిగా నిలబడి సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది. ఫంక్షన్ చేయాలనుంటే ఓణీలిచ్చి భోజనాలు పెట్టండి, పుట్టినరోజుకు చేసినట్టు. ఎవరికీ ఏ వివరణా ఇవ్వనక్కర్లేదు.

ప్రశ్న: మా కోడలి గర్భసంచి ఒక పక్కే పెరిగిందట. ఆమె తల్లి కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందని తెలిసింది. అందువల్లేనా?
- ఒక పెద్దావిడ, మచిలీపట్నం

జవాబు: కాదమ్మా. ఆకాశంలో నీడ పడితే కడుపులో నాళాలు ఆగిపోవు. అమెరికాలో 1971 దాకా గర్భిణులకు డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అనే హార్మోన్ మందు విచ్చలవిడిగా ఇచ్చారు, వాళ్లకు పుట్టిన ఆడపిల్లల్లో కొందరి గర్భసంచి ఆంగ్ల 'టీ' అక్షరంలా తయారైంది. అలాంటి కొద్ది సందర్భాలు తప్ప మిగతావాటికి ఎవరినీ వేలెత్తి చూపే కారణం దొరకదు. వియ్యపురాలిని వదిలేయండి.

ప్రశ్న: నాకు రెండు గర్భసంచులు, రెండు మూతులు ఉన్నాయని మొదటి కాన్పు సిజేరియన్‌లో తెలిసింది. బాబు బాగున్నాడు. ఏడాది కిందట కాపర్-టీ వేయించుకున్నాను. అయినా నెల తప్పింది. కాపర్-టీ పనిచేయలేదా?
- కె., ఖమ్మం

జవాబు: పనిచేసింది, వేసిన గర్భసంచిలో. గర్భం రెండోదాంట్లో వచ్చి ఉంటుంది. ఇలా రెండు గర్భసంచులు ఉండటాన్ని డైడెల్ఫిస్ అంటారు. అది ఉన్నవాళ్లకు ఒక కాపర్-టీతో రక్షణ ఉండదన్నది వేసేవాళ్లకు తెలియాలి, మీ సిజేరియన్ కాగితంలో ఆ సంగతి రాసే ఉంటుంది, ఎవరూ తిరగేసి చూసి ఉండరు. ముందు స్కాన్ చేయించి గర్భం ఎటువైపు ఉందో, కాపర్-టీ ఎటువైపు ఉందో చూపించుకోండి. గర్భం ట్యూబులో కాకుండా గర్భసంచిలోనే ఉందని తేలాలి. తర్వాత ఉంచుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. గర్భనిరోధం కోసం ఇకముందు మాత్రలో, ఇంజెక్షనో, పిల్లలు చాలనుకుంటే ఆయన వేసెక్టమీయో చూడండి. ఆ చివరిది మన మగవాళ్లకు మింగుడుపడదని తెలిసే రాస్తున్నాను.

ఇంకొకటి గుర్తుంచుకోండి. గర్భసంచి మూతి క్యాన్సర్ కోసం పాప్ టెస్ట్ చేసినప్పుడు రెండు మూతుల నుంచీ శాంపిల్ తీయాలి. మీరే అడగండి. రెండు గర్భసంచులంటే మనుషులు విడ్డూరంగా చూస్తారు గానీ, 2019లో బంగ్లాదేశ్‌లో ఒకావిడ ఒక సంచిలోంచి బిడ్డను కని, 26 రోజుల తర్వాత రెండోదాంట్లోంచి కవలల్ని కన్నది. అప్పటిదాకా తనకు రెండున్నాయని ఆవిడకే తెలియదు.

ప్రశ్న: మా పాపకు 14 ఏళ్లు. ఇంకా పెద్దమనిషి కాలేదు. నాలుగు నెలలుగా నెలకోసారి మూడు రోజులు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతోంది. రాబోయే ముందు అలాగే ఉంటుందని మా అమ్మ అంటోంది. వాము నీళ్లు ఇస్తున్నాం. నిన్న మూత్రం రాక ఏడ్చింది.
- ఎల్., అనకాపల్లి

జవాబు: ఈ పుస్తకం కింద పెట్టి పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లండి. నెలసరి మొదలైనట్టే ఉంది, బయటికొచ్చే దారి మూసుకుపోయింది. కన్నెపొర పూర్తిగా మూసుకుని ఉండటమో, యోనిలో అడ్డుపొర ఉండటమో కారణం. రక్తం లోపలే పేరుకుని మూత్రం వచ్చే దారిని నొక్కుతోంది. కన్నెపొర అయితే మత్తిచ్చి చిన్న కోత పెడితే సరిపోతుంది, ఆ సాయంత్రానికి పిల్ల నవ్వుతుంది. సూదితో గుచ్చి తీస్తామంటే మాత్రం ఒప్పుకోకండి, చీము పడుతుంది. అడ్డుపొర పైన ఉంటే పని కష్టం, ముందు ఎంఆర్‌ఐ తీసి, ఇలాంటివి చేసిన అనుభవం ఉన్నవాళ్ల చేతికే అప్పగించాలి. ఆలస్యమైతే రక్తం వెనక్కి ట్యూబుల్లోకి ఎక్కి, గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ తెచ్చిపెడుతుంది.

మిగతా తల్లులకు కూడా చెబుతున్నాను. నెలసరి వస్తోంది కదా అని ధీమా పడకండి. రెండు గర్భసంచుల్లో ఒకదాని దారి మాత్రమే మూసుకుపోయిన పిల్లలకు రెండో పక్క నుంచి నెలసరి మామూలుగానే వస్తుంది, నొప్పి మాత్రం నెలనెలా పెరుగుతుంది. ఆ మూసుకున్న వైపు కిడ్నీ కూడా సాధారణంగా ఉండదు. చిన్నప్పుడెప్పుడో ఒకే కిడ్నీ ఉందని తేలిన ఆడపిల్లకు, ఈడేరాక గర్భసంచి స్కాన్ తప్పకుండా చేయించండి. పదిహేనేళ్లు నిండినా పెద్దమనిషి కాకపోతే ఇంకో ఏడాది చూద్దామనకుండా డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: నా భార్యకు ఐదో నెల. గర్భసంచి సగమే ఉందని, యూనికార్నుయేట్ అని, ఒకే కిడ్నీ అని చెప్పారు. మంచం దిగొద్దన్నారు. వచ్చే వారం గర్భసంచికి కుట్లు వేస్తామన్నారు. నేను ఏం చేయాలి?
- ఎస్., మంచిర్యాల

జవాబు: ఇన్ని ఉత్తరాల్లో మగమనిషి రాసింది ఇదొక్కటే, అదీ "నేను ఏం చేయాలి" అని. చెబుతాను.

యూనికార్నుయేట్ ఉన్నవాళ్లలో వందలో నలభై మంది దాకా కిడ్నీ తేడా ఉన్నవాళ్లుంటారు, కాబట్టి ఆశ్చర్యపోకండి. ఒక్క కిడ్నీ బాగుంటే గర్భానికి అడ్డు లేదు. బీపీ, మూత్రంలో ప్రొటీన్ క్రమం తప్పకుండా చూపించాలి. రెండో వైపు చిన్న మొలకలాంటి గర్భసంచి ఉందా, బిడ్డ ఎందులో ఉన్నాడు అని మొదటే అడగాల్సింది. మొలకలో గర్భం వస్తే నాలుగైదు నెలలకల్లా పగిలి తల్లి ప్రాణానికే ముప్పు. ఇప్పటిదాకా చేసిన స్కానుల్లో ఆ మాట స్పష్టంగా లేకపోతే రేపే అడిగి రాయించుకోండి.

నెలలు నిండకముందే కాన్పు రావడం, బిడ్డ ఎదుగుదల తగ్గడం, ఎదురుకాళ్లతో ఉండటం వీళ్లలో ఎక్కువ. అందుకని మంచానికి కట్టేస్తే ప్రయోజనం లేదు. పడుకోబెట్టడం వల్ల నెలలు నిండుతాయని ఎక్కడా తేలలేదు, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం మాత్రం పెరుగుతుంది. బరువులెత్తకుండా, మామూలుగా తిరగనివ్వండి. కుట్లు కూడా ఆకారాన్ని బట్టి వేసేవి కావు. గర్భసంచి మూతి పొడవును కింది నుంచి చేసే స్కానుతో కొలవాలి. పొట్టిగా అవుతూ ఉంటే, ముందొక కాన్పు నెలలు నిండక పోయి ఉంటే అప్పుడు కుట్లకు అర్థముంది. కొలిచారా అని అడగండి.

మీరు చేయాల్సిందల్లా ఇది. పసిబిడ్డల ఐసీయూ ఉన్న ఆసుపత్రి ఎంత దూరమో ఇప్పుడే చూసి పెట్టుకోండి. మన జిల్లా ఆసుపత్రుల్లో అలాంటి పసిబిడ్డల విభాగం, ఎస్‌ఎన్‌సీయూ ఉంటుంది, పేరు అక్కడ కూడా రాయించండి. నొప్పులు ముందే మొదలైతే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. అది సమయానికి పడాలంటే సమయానికి చేరాలి. పుట్టింటికి పంపడం ఆచారమే గానీ, ఆ పుట్టిల్లు ఆసుపత్రికి దూరమైతే ఈసారికి మానేయండి. సిజేరియన్ తప్పనిసరని ఎవరైనా ఇప్పుడే అంటే, బిడ్డ తల కిందికి ఉంటే మామూలు కాన్పుకు ఎందుకు చూడకూడదో కూడా అడగండి.

ప్రశ్న: ఐవీఎఫ్ చేయించుకుంటున్నాం. స్కానులో ఆర్క్యుయేట్ అని వచ్చింది. దాన్ని సరిచేసే ఆపరేషన్‌ను కూడా ప్యాకేజీలో కలిపారు. లేకపోతే పిండం అంటుకోదన్నారు. చేయించుకోమంటారా?
- వి., హైదరాబాద్

జవాబు: వద్దు. గర్భసంచి పైభాగం లోపలివైపు కాస్త వంపు తిరిగి ఉండటాన్నే ఆర్క్యుయేట్ అంటారు. దాన్ని లోపంగా కాక మామూలు తేడాగానే చూస్తున్నారు ఇప్పుడు. కోయాల్సిన గోడ అక్కడ లేదు. ప్యాకేజీలోంచి ఆ పద్దు తీయించి కొత్త బిల్లు రాయించుకోండి, తీయం అంటే వేరే చోటికి వెళ్లండి.